మంట ఆరిన రాత్రి

కిందటి వారం షైనీని మనం దానం ఇంటి అరుగు మీద, చేతిలో చల్లారిపోయిన టీ గ్లాసుతో వదిలేసి వచ్చాం. ఆ అమ్మాయి అక్కడెందుకు కూర్చుందో, ఆ టీ గొంతు ఎందుకు దిగలేదో కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం.

అమలాపురానికీ కొత్తపేటకీ మధ్య, ఒకప్పుడు కొబ్బరితోటగా ఉన్న చోట వెలిసిన చిన్న యూనివర్సిటీలో షైనీ చదువుతోంది. క్రిమినల్ జస్టిస్ అని బోర్డు మీద రాసి ఉంటుంది. ఆ శాఖకి ఉన్నది ఒకే గది, ఒకే ఫ్యాను, ఒకే మాస్టారు. ఊళ్ళోవాళ్ళు "అయితే పోలీసవుతావా, లాయరవుతావా?" అని అడుగుతారు. రెండూ కాదండి అంటే, "మరి దొంగలకి ట్యూషన్ చెబుతావా ఏంటి?" అని నవ్వుతారు. షైనీ కూడా నవ్వి ఊరుకుంటుంది. 

ఆ ఒక్క మాస్టారు దేవదానం గారు. జైళ్ళ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. సాక్ష్యాల పాఠం మొదలుపెడుతూ ఆయన పిల్లలకి ఒక పని అప్పజెప్పారు. ఇంట్లో పెద్దవాళ్ళు కళ్ళారా చూసిన సంగతి ఒకటి అడిగి తెలుసుకోవాలి. అందులో ఒక్క విషయం నిజమో కాదో బయట విచారించి రావాలి. షైనీ తడుముకోలేదు. వాళ్ళ నానమ్మ సుందరమ్మ చెప్పిన సాక్ష్యమే తీసుకుంది.

సుందరమ్మ గవర్నమెంటు ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. తాటిపాక పక్కన వాళ్ళ ఊరు రావులపర్రులో ఆవిడ అందరికీ ఆయమ్మగారే. షైనీ ఒకటో తరగతిలో ఉన్నప్పుడు, క్రిస్మస్ ముందు ఒక ఆదివారం రాత్రి, కొబ్బరి వ్యాపారి ప్రభాకరరావు గారిని కాలవగట్టు మీద ఎవరో వెనకనుంచి తల మీద కొట్టారు. ప్రాణం దక్కింది కానీ కుడిచెయ్యి పడిపోయింది. ఆ రాత్రి గట్టు మీద తాతబ్బాయి ఎదురొచ్చాడని సుందరమ్మ కోర్టులో చెప్పింది. తాతబ్బాయి చెట్లెక్కి కాయలు దింపే కూలీ. ముందురోజే కూలి డబ్బుల కోసం ప్రభాకరరావు గారితో నలుగురిలో గొడవపడ్డాడు. ఆవిడ సాక్ష్యంతో అతను రాజమండ్రి జైలుకి వెళ్ళాడు. ఐదేళ్ళకి బయటికి వచ్చి, ఊరొదిలి వెళ్ళిపోయాడు.

ఆ తాతబ్బాయి ఎవరో కాదు, క్లాసులో షైనీ పక్కన కూర్చుని, ఆమె టిఫిన్ డబ్బాలో సగం తినే యామినికి కన్నతండ్రి. ఇది షైనీకి తెలిసి వారం కాలేదు. కేసప్పుడే తల్లితో ఊరొదిలి వచ్చేసిన యామినికి, ఆ సాక్షి షైనీ నానమ్మేనని ఇంకా తెలీదు. నాన్న ఆ రాత్రి ఇంట్లోనే ఉన్నాడనీ, ఎవరో చూడకుండా చూశానని చెప్పారనీ, ఎప్పటికైనా అది తేల్చాలనీ యామిని ఈ చదువులో చేరింది.

ఇక దానం. మాస్టారు దేవదానం గారు కాదు, రావులపర్రులోనే ఉంటూ గ్యాసు ప్లాంటులో కాంట్రాక్టు పని చేసిన మనిషి. అతను షైనీకి టీ ఇచ్చి, మామూలుగా చెప్పిన మాట ఇది: "ఆ ఆదివారమా? ఆ ఆదివారం ప్లాంటులో రిపేరమ్మా. మంట ఆపేసేరు. సోమవారం సాయంత్రానికి గానీ మళ్ళీ వెలిగించలేదు. మా పెద్దోడి నిశ్చితార్థం ఆ చీకట్లోనే చేసుకున్నాం, నాకు తెలీదా?"

ఆ మంట సంగతి రావులపర్రు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మిగిలిన ఊళ్ళవాళ్ళ కోసం చెబుతున్నాను. ప్లాంటులో ఎత్తయిన గొట్టం చివర పగలూ రాత్రీ మండుతూ ఉంటుంది. దాని వెలుతురు ఊరంతా పరుచుకుని, ఆ ఊరికి అమావాస్యంటే ఏమిటో తెలియకుండా చేసింది. కోర్టులో అవతలి లాయరు "రాత్రిపూట ముఖం ఎలా కనిపించిందమ్మా?" అని అడిగితే సుందరమ్మ నిబ్బరంగా, "మా ఊళ్ళో చీకటుండదండి బాబూ. ప్లాంటు మంట వెలుతురికి చీమ పాకినా కనబడద్ది" అంది. జడ్జిగారూ ఈ చుట్టుపక్కలవారే, లాయర్లూ ఈ చుట్టుపక్కలవారే. అందరూ తలలూపారు. ఆ రాత్రి మంట ఉందా అని ఏ ఒక్కరికీ అడగాలనిపించలేదు. ఫలానా రోజు సూర్యుడు ఉదయించాడా అని ఎవరడుగుతారు?

సరే, ఇప్పుడు ఈ వారంలోకి వద్దాం.

ఆదివారం మధ్యాహ్నం. ఏసుప్రభువు గుడికి కట్టుకెళ్ళిన తెల్లచీర మార్చుకుని, సుందరమ్మ వంటింటి గుమ్మంలో పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తోంది. షైనీ ఎదురుగా కూర్చుని తనూ ఒక చెయ్యి వేసింది. నాన్న అబ్బులు పని మీద కాకినాడ వెళ్ళాడు. ఇంట్లో ఇద్దరే. ఇంతకంటే మంచి సమయం దొరకదని షైనీకి తెలుసు. మంచి సమయం దొరికినందుకే ఆ అమ్మాయి ఒలిచిన రొయ్యనే మళ్ళీ ఒలుస్తోంది.

చెప్పకపోతేనేం అని రాత్రంతా అనుకుంది. నానమ్మకి డెబ్బై దాటాయి. జీవితంలో ఆవిడ గర్వంగా చెప్పుకునేవి రెండే. ఒకటి, తన చేతుల మీద పుట్టిన ఏ బిడ్డా తన చేతుల్లో పోలేదని. రెండోది, పెద్దపెద్దవాళ్ళు భయపడి నోరు మూసుకున్న రోజున తను కోర్టులో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పానని. ఆ రెండోది తన చేత్తో లాగేసుకోవాలి. లాగకపోతే రేపు క్లాసులో యామిని పక్కన కూర్చోవాలి. ఆ పిల్ల "ఏంటే, ఇవాళ మీ నానమ్మ చేసిన కూర లేదా?" అంటుంది. ఎటు చూసినా దారి లేదు.

"నానమ్మా, మా మాస్టారు ఒక పద్ధతి చెప్పేరు" అంది చివరికి. "నువ్వు కోర్టులో చెప్పింది కాకుండా, ఆ రోజంతా ఎలా గడిచిందో మొదటినుంచీ చెప్పవా? నేను మధ్యలో ఏమీ అడగను."

"ఇప్పుడెందుకే అది?"

"చదువు కోసం."

చదువు కోసమంటే సుందరమ్మ కాదనదు. చదువు పేరు చెబితే ఆవిడ ఆస్తి కూడా రాసిచ్చేస్తుంది, ఉంటే.

"ఏముందీ. పొద్దున్న గుడి. మధ్యాన్నం మీ అత్త వచ్చింది. సాయంత్రం స్త్రీల సమాజం కూడిక, కాలవ అవతల రత్నమణి గారింట్లో. క్రిస్మస్ పాటలు ప్రాక్టీసు చేసేం. లేటయిపోయింది. ఎవరినైనా తోడిస్తానన్నారు, నేనే వద్దన్నాను. మన గట్టే కదా అని బయలుదేరేను. రేవు దాటేక ఒక మనిషి ఎదురొచ్చేడు. తాతబ్బాయి. నా పక్కనించి వెళ్ళిపోయేడు. ఇంటికొచ్చేను. పొద్దున్న పోలీసులొచ్చి అడిగితే చెప్పేను. అంతే."

షైనీ ఇంకో రొయ్య తీసుకుంది. సాక్షి ఆగినప్పుడు మీరు మాట్లాడకండి, రొయ్యలు ఒలుచుకోండి అని దేవదానం గారు చెప్పలేదు కానీ, ఆయన ఉద్దేశం అదే. కాసేపయ్యాక మెల్లిగా అడిగింది. "ఇంటికొచ్చేక ఏం చేసేవు?"

"ఏం చేస్తాను? కాళ్ళు కడుక్కున్నాను. నువ్వు పడుకోలేదు. భయమని ఏడుస్తా కూర్చున్నావు. మీ నాన్న ఇంకా ఇల్లు చేరలేదు, మీ అమ్మ ఎంత సముదాయించినా వినట్లేదు. నిన్ను చంకనేసుకుని పెరట్లోకి తీసుకెళ్ళేను." సుందరమ్మ ముఖం మెత్తబడింది. ఆవిడ మనవరాలిని చూసి నవ్వింది. "నీకు గుర్తుందో లేదో. చుక్కలు చూపించేను. అదిగో ఆ మూడూ వరసగా ఉన్నాయే, వాటిని చూసుకునే జ్ఞానులు బెత్లెహేముకి నడిచేరని చెప్పేను. ఎక్కడ చదివేనో, నా మొహం. నువ్వు ఒక్కొక్కటీ లెక్కపెడతా నా భుజం మీదే నిద్రపోయేవు."

"గుర్తుంది నానమ్మా." గుర్తులేకపోవడం ఏమిటి. షైనీ మనసులో అంతకంటే అపురూపమైన రాత్రి ఇంకొకటి లేదు. దానం మాట విన్నప్పుడు ఆమెకి ముందు గుర్తొచ్చింది ఆ భుజమే, ఆ చుక్కలే. "నేనెందుకు భయపడ్డాను నానమ్మా?"

"చీకటంటే నీకు..."

సుందరమ్మ చేతిలో రొయ్య అలాగే ఉండిపోయింది.

వంటింట్లో కుక్కరు ఒక కూత వేసింది. ఆవిడ తల తిప్పి పెరటివైపు చూసింది. మిట్టమధ్యాహ్నమే అయినా, కొబ్బరిచెట్ల మీదుగా ప్లాంటు గొట్టం చివర మంట లేతగా కదులుతూ కనిపిస్తోంది. ఆ పెరట్లోంచి ఏ రాత్రి చూసినా ఎర్రటి ఆకాశమే తప్ప చుక్కలుండవు. ఆ ఇంట్లో పుట్టిన ఏ పిల్లా చీకటంటే ఏడవలేదు. చీకటిని చూస్తే కదా.

"మంటుంటే చుక్కలు కనబడవు" అంది సుందరమ్మ. షైనీతో కాదు, తనతో తనే అంది.

షైనీకి ఏడుపు ముంచుకొచ్చింది. చెబుదామనుకున్న మాటలన్నీ నానమ్మే తనంతట తను చెప్పేసుకుంటోంది.

"దానం మావయ్యని అడిగేను నానమ్మా. ఆ రోజు రిపేరంట. మంట ఆపేసేరంట."

"మరి నేనెలా చూసేను?" ఆవిడ నిజంగానే అడిగింది. "కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ కనబడతాడే నాకు. గళ్ళ లుంగీ, భుజం మీద తువ్వాలు. ఎర్రగా వెలుతురు పడి ముఖం కూడా... షైనమ్మా, నేను అబద్ధం చెప్పలేదే."

"అబద్ధం కాదు నానమ్మా. మా మాస్టారు చెప్పేరు, అబద్ధమాడే సాక్షులు తక్కువంట. ఎవరో ఎదురొచ్చేరు, అది నిజం. పొద్దున్న పోలీసులు తాతబ్బాయి పేరు చెప్పేరు. అతను నీకు రోజూ కనబడే మనిషి. ఆ వెలుతురూ నీకు రోజూ ఉండేదే. అన్నీ వచ్చి వాటంతటవే అతుక్కుపోయేయి."

"అతుక్కుపోయేయా." సుందరమ్మ రొయ్యని గిన్నెలో వేసింది. "ఐదేళ్ళు జైల్లో కూర్చోబెట్టేనే ఒక మనిషిని. దేవుడి మీద ప్రమాణం చేసి, జడ్జిగారి ముఖంలోకి చూసి చెప్పేను."

ఆ తరవాత ఆవిడ ఏడుస్తుందని షైనీ అనుకుంది. నీళ్ళు ఇవ్వాలా, పడుకోబెట్టాలా, బీపీ మాత్ర ఎక్కడుందో అని ఆలోచిస్తూనే ఉంది. సుందరమ్మ లేచి చేతులు సబ్బుతో కడుక్కుంది. స్టవ్ ఆపేసింది. లోపలికి వెళ్ళి పొద్దున్న విడిచిన తెల్లచీర మళ్ళీ కట్టుకుని వచ్చింది.

"తాతబ్బాయి ఎక్కడుంటాడో నీకు తెలుసు" అంది. "లేకపోతే నువ్వింత బాధపడవు. పద."

ఇప్పుడు భయపడటం షైనీ వంతయింది. "అలా కాదు నానమ్మా. దీనికి పద్ధతులున్నాయి. మాస్టారితో మాట్లాడతాను, మంచి లాయరుని చూస్తారు, పాత కేసు మళ్ళీ..."

"కోర్టు సంగతి తరవాత చూద్దాం. వచ్చే ఆదివారం గుడిలో ప్రభువు బల్ల, రొట్టె తీసుకోవాలి. ఒక మనిషికి ఇంత అపకారం చేసేనని తెలిసేక, ముందు వెళ్ళి ఆ మనిషి ఎదుట నిలబడకుండా నేను ఆ రొట్టె ఎలా ముట్టుకుంటాను? మీ మాస్టారు చెప్పలేదా? ఆయన కూడా బల్లలో చెయ్యి వేసే మనిషే కదా."

 షైనీ వెళ్ళి చెప్పులు తొడుక్కుంది.

అంబాజీపేటలో బస్సు మారి, కొత్తపేట దాటాక ఆటో ఎక్కారు. బస్సులో సుందరమ్మ కిటికీలోంచి చూస్తూనే కూర్చుంది. ఆటో ఎక్కాక మాత్రం మనవరాలి చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. కోపం లేదన్నమాట. ఆ చెయ్యి ఆటో దిగేదాకా అక్కడే ఉంది.

షైనీ బస్సులోంచే యామినికి ఫోను చేసి, నానమ్మతో ఇంటికి వస్తున్నానని మాత్రం చెప్పింది. యామిని ఎంతో సంబరపడి, అరటితోట మలుపు దాకా ఎదురొచ్చి నిలబడింది. నానమ్మని ఆటోలోనే కూర్చోబెట్టి షైనీ దిగింది. ఇంకొక్క నిమిషం దాచినా అది మోసమే అవుతుందని ఆమెకి తెలుసు.

"యామినీ, మీ నాన్న కేసులో సాక్ష్యం చెప్పిన ఆయమ్మగారు మా నానమ్మే."

యామిని ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. అది పోవడం షైనీ చూస్తూ నిలబడింది.

"నాకు తెలిసి వారమే అయింది. చెప్పలేకపోయేను. ఆ రాత్రి మంట లేదంట యామినీ. నానమ్మ చూడలేదు. ఇవాళే ఆవిడకి అర్థమైంది. మీ నాన్నగారికి తన నోటితో చెబుతానని వచ్చేసింది."

యామిని ఆటోవైపు తిరిగింది. ఎన్నో ఏళ్ళుగా ఆ ఆయమ్మ ఎదురైతే ఏమేమి అడగాలో మనసులో అనుకుని పెట్టుకున్న పిల్ల. ఆటోలో చూస్తే తెల్లచీర కట్టుకున్న ముసలావిడ, చెమట తుడుచుకుంటూ, తల వంచుకుని కూర్చుంది. రోజూ తను తిన్న కూరలన్నీ ఆ చేతివే.

"ఎండలో కూర్చోబెట్టేవేంటి పెద్దావిణ్ణి" అంది చివరికి.  "తీసుకురా. నీతో తరవాత మాట్లాడతాను."

కౌలుకి తీసుకున్న అరటితోటలోనే రేకుల ఇల్లు. చూరు నీడలో తాతబ్బాయి కొబ్బరాకుల్లోంచి ఈనెలు గీస్తూ కూర్చున్నాడు. జుట్టు తెల్లబడింది. మనిషి సగమయ్యాడు. వచ్చిందెవరో చూడగానే చేతిలో కత్తి పక్కన పెట్టి, తువ్వాలు భుజం మీంచి తీసి చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"రండి ఆయమ్మగారూ. ఇంత దూరం వచ్చేరా? కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి కదండీ. యామినీ, కుర్చీ వెయ్యమ్మా."

కోపం చూపిస్తే తట్టుకోవడానికి సిద్ధపడి వచ్చిన మనిషి సుందరమ్మ. ఆ మర్యాదకి ఆవిడ యామిని వేసిన కుర్చీని పట్టుకుంది. అయినా కూర్చోలేదు.

"నేను కూర్చోవడానికి రాలేదు నాయనా. ఆ రాత్రి ప్లాంటు మంట లేదు. నేను నిన్ను చూడలేదు. చూశాననుకుని చూశానని చెప్పేను. నా మాట పట్టుకుని నిన్ను తీసుకుపోయేరు. నీ పెళ్ళాం పిల్లలు ఊరొదిలిపోయేరు. నేనేమో మంచిపని చేశానని గుడిలో చెప్పుకుని తిరిగేను. నువ్వు నన్నేమన్నా పడతాను. ఏ కోర్టుకి రమ్మన్నా వస్తాను. తప్పు చెప్పేనని అక్కడే చెబుతాను."

తాతబ్బాయి ఆవిడ ముఖంలోకి చూడలేదు. తువ్వాలు మడత పెడుతున్నాడు, విప్పుతున్నాడు. యామిని తండ్రిని చూస్తోంది. ఈ క్షణం కోసం ఎన్నేళ్ళు చదవడానికైనా సిద్ధపడిన పిల్ల, అది తన ఇంటి వాకిట్లోకే నడిచివస్తే తండ్రి సంతోషించడేమని చూస్తోంది.

"కూర్చోండి ఆయమ్మగారూ" అన్నాడు అతను మళ్ళీ. "మీరు నిలబడితే నేను మాట్లాడలేను."

షైనీ నానమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన నేల మీద కూర్చుంది.

"మంట లేదని నాకు తెలుసండి" అన్నాడు తాతబ్బాయి. "కోర్టులో మీరు చెబుతుంటేనే తెలుసు."

"తెలిసి ఊరుకున్నావా నాన్నా?" యామిని గొంతు పైకి లేచింది. "ఆ ఒక్క ముక్క చెబితే కేసు కొట్టేసేవారు కదా. నీకెందుకు తట్టలేదు?"

"తట్టిందమ్మా."

"మరి?"

అతను ఇంక ఆపుకోలేని మనిషిలా నిట్టూర్చాడు. సుందరమ్మ కాళ్ళవైపు చూస్తూ, చాలా నెమ్మదిగా చెప్పాడు.

"రేవు మెట్ల దగ్గర మీ కాలు జారిందండి. మోకాళ్ళ మీద పడ్డారు. ఎడమ కాలి చెప్పు ఊడిపోయి ఎక్కడుందో మీకు దొరకలేదు. తడుముకుంటున్నారు. ఒక మనిషి వచ్చి మిమ్మల్ని లేవదీసి, చెప్పు వెతికి కాలికి తొడిగేడు. మీరు 'దేవుడు నిన్ను చల్లగా చూస్తాడు బాబూ' అన్నారు. ఎవరివి నాయనా అని కూడా అడిగేరు. ఆ మనిషి బదులు చెప్పలేదు."

సుందరమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"ఆ సంగతి..." అంది. "ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. పడ్డానంటే మా అబ్బులు మళ్ళీ రాత్రి కూడికలకి పంపడని ఇంట్లో కూడా చెప్పలేదు. పోలీసులకీ చెప్పలేదు. నేనే మర్చిపోయేను."

 అక్కడ ఉన్న మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియని ముక్క ఒక్కటి దొరికితే చాలు, ఆ మనిషి అక్కడ ఉన్నట్టే అని దేవదానం గారు పాఠంలో చెప్పారు. ఆ పాఠం వింటున్నప్పుడు యామిని కూడా పక్కనే ఉంది. షైనీ తలెత్తి చూసింది. యామినికి అర్థమైంది. గుంజని పట్టుకుని నిలబడింది.

"నువ్వు ఇంట్లోనే ఉన్నానన్నావు నాన్నా" అంది. "నా తల మీద చెయ్యి వేసి చెప్పేవు."

"చెప్పేనమ్మా."

"నీ కోసం నేను ఈ చదువు చదువుతున్నాను."

"తెలుసమ్మా. నువ్వు పుస్తకం తీసినప్పుడల్లా చెప్పేద్దామనుకుంటాను." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ప్రభాకరరావు గారి మీద నేను చెయ్యి వెయ్యలేదు. అదొక్కటీ నమ్ము. కానీ నేను గట్టు మీద ఉన్నాను. కూలి డబ్బుల మాట ఆయనతో ఇంకోసారి మాట్లాడదామని వెళ్ళేను. నేను వెళ్ళేసరికే జరిగిపోయింది. కొట్టిన మనిషి దుడ్డుకర్ర పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు, వణికిపోతా. ఇంతలో రేవు దగ్గర ఆయమ్మగారి పాట వినబడింది. చీకట్లో భయమేసి పాడుకుంటా వస్తున్నారు. ఇంకో పది బారలు నడిస్తే ఆ మనిషికి ఎదురుపడతారు. నేను పరుగెత్తుకొచ్చేను. చెప్పు తొడిగేక మీ చెయ్యి పట్టుకుని డొంకదారిలోకి తిప్పింది అందుకేనండి. నోరు తెరిస్తే గుర్తుపడతారని మాట్లాడలేదు."

"తిప్పేవు" అంది సుందరమ్మ. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. ఎర్రటి వెలుతురులేని ఆ రాత్రి ఇన్నాళ్ళకి ఆవిడకి గుర్తొస్తోంది. "నిజమే. డొంకలోంచే ఇంటికెళ్ళేను. కొట్టినవాడు ఎదురైతే నన్ను కూడా కొడతాడనుకున్నావా నాయనా?"

"కాదండి. మీ జోలికి రాడు."

"మరి నన్నెందుకు తప్పించేవు?"

  తాతబ్బాయి వంగి, సుందరమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"మా యామిని కడుపులో అడ్డం తిరిగిందనీ, తల్లీ బిడ్డా దక్కరనీ డాక్టరుగారు చేతులెత్తేసిన రోజున, మీరు రాత్రంతా కూర్చుని ఈ పిల్లని నా చేతుల్లో పెట్టేరు. ఆ రోజున మీకేమీ ఇచ్చుకోలేకపోయేను. ఇది మీరు చూడకుండా ఉంటే చాలనుకున్నాను. తరవాత మీరే నా మీద సాక్ష్యానికొచ్చేరు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. మంట లేదని చెబితే, మరి నువ్వెక్కడున్నావు, ఏం చూసేవని అడుగుతారు. అడిగితే చెప్పాలి. చెబితే వినేది మీరే, ఎదురుగా బోనులో." అతను చేతులు జోడించాడు. "నన్ను క్షమాపణ అడగడానికి వచ్చేరు. నాకు ఏ కోపమూ లేదండి, ఇంటికి వెళ్ళిపోండి. ఆ మనిషెవరని మాత్రం అడక్కండి. నేను పోలీసులకి చెప్పలేదు, నా పెళ్ళానికి చెప్పలేదు. కానీ మీరడిగితే నేను దాచలేను."

షైనీ ఆ మాటలు ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంది. నానమ్మ చూడకూడని మనిషి. నానమ్మ జోలికి రాని మనిషి. ఆ రాత్రి ఏడుస్తున్న తనని సముదాయించడానికి ఇంట్లో లేని మనిషి. అలాంటివాళ్ళు ఈ లోకంలో ఎంతమంది ఉంటారు? ఇన్నాళ్ళూ ఎలా అడగాలో నేర్చుకున్న పిల్ల, ఎవరూ ఏమీ అడక్కుండా ఉంటే బాగుండునని మొదటిసారి కోరుకుంది. నానమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పోదాం నానమ్మా" అంది. "ఇంటికి పోదాం."

సుందరమ్మ ఆ చెయ్యి మెల్లిగా విడిపించుకుంది. గుంజ దగ్గర నిలబడి ఏడుస్తున్న యామినిని చూసింది. పైట సర్దుకుని, కోర్టులో నిలబడ్డ రోజులాగే నిటారుగా కూర్చుంది. ఆవిడ ముఖం చూస్తే తెలుస్తోంది, ఆవిడ కూడా లెక్క వేసుకుందని.

"అడుగుతున్నాను నాయనా" అంది. "చెప్పు."